రాఘవాపురం రాయి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా వందనాలు చెప్పాలి, కానీ నాకిచ్చింది పది నిమిషాలు. మన్నించండి.

హైదరాబాద్‌లో మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. ఎంత లోతు బోరు వేసినా చమురు పడదు. చమురు పుట్టాలంటే బురద కావాలి. ఆ బురద కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉంది. దక్షిణాది ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న గోండ్వానా ఖండం విడిపోతున్నప్పుడు తూర్పు తీరం చీలి కుంగింది. ఆ పల్లంలో పేరుకున్న ఇసుక, బురద కొన్నిచోట్ల ఐదు కిలోమీటర్ల మందం దాటాయి. బురదలో పూడిన జీవపదార్థం లోపలి వేడికి మగ్గి చమురు, గ్యాస్ అయింది. ఆ బేసిన్‌లోని రాతి పొరల పేర్లు వినండి: గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి, రాజోలు, వాడపర్రు. అన్నీ మన ఊళ్ల పేర్లే! మన పిల్లల పాఠాల్లో ఒక్కటీ కనబడదు.

నేను రాసుకొచ్చింది డి6 గురించి, అంటే ఆ బేసిన్‌లోనే సముద్రం అడుగున ఉన్న గ్యాస్ క్షేత్రం గురించి. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. మరుసటి ఏడాది రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చింది. 2013 చివరికి నాలుగో వంతుకు పడిపోయింది. కింద ఉన్నది చెరువు కాదండీ. పాత నదులు సముద్రం అడుగుకు మోసుకెళ్లిన ఇసుక కాలువలు. వాటిలో గ్యాస్ ఎంత సులువుగా కదులుతుందో చేత్తో పట్టుకుని చూడాలంటే కోర్ కావాలి. కోర్ అంటే బోరులోంచి గొట్టంతో పైకి తీసే రాతి కడ్డీ.

ఆ మాట వచ్చింది కాబట్టి మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక షెడ్డులో కోర్ పెట్టెలు చూశాను. పైన రేకు ఎగిరిపోయింది. వాన నీళ్లకు షేల్, అంటే బురద గట్టిపడి అయిన రాయి, ఉబ్బి మళ్లీ బురదైపోయింది. చీటీలు చెదలు తినేశాయి. ఏ బావిదో, ఏ లోతుదో చెప్పేవాళ్లు లేరు. లోతు తెలియని కోర్ రోడ్డు పక్క రాయితో సమానం. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఒక్క పెట్టె మీద మాత్రం రాఘవాపురం అని చదవగలిగాను. అడిగి, ఒక ముక్క తెచ్చుకున్నాను.

ఇక్కడ ఉపాధ్యాయులున్నారు, అధికారులున్నారు. మీకు దండం పెట్టి అడుగుతున్నాను. ఈ నగరంలో ఒక గది చూపించండి. పిల్లలు వచ్చి కోర్‌ను ముట్టుకుని చూడాలి. కోర్‌ల పేర్లు రాసిపెట్టే పని నేను చేస్తాను, జీతం వద్దు.

ఈ ముక్కను ముందు వరుస నుంచి పంపుతున్నాను. తడి చేతులతో పట్టుకోకండి. చివరి వరుసలోని అమ్మాయీ, చూశాక నువ్వే తెచ్చి నాకివ్వాలి.