ఊరికే పక్కన ఉండటం

శ్రోతలకు నమస్కారం. డౌలా అనే మాట మీలో కొందరికి కొత్త కావచ్చు. డౌలా డాక్టరు కాదు, నర్సు కాదు, మంత్రసాని కూడా కాదు. బీపీ చూడదు, బిడ్డ గుండె చప్పుడు వినదు, మందు ఇవ్వదు. నెలలు నిండుతున్నప్పటి నుంచి తల్లికి తోడుగా ఉంటుంది, కాన్పు వేళ పక్కన ఉంటుంది. అంతే. ఆ 'అంతే' నాకు ఒంటబట్టడానికి చాలాకాలం పట్టింది.

నేను డౌలాగా వెళ్ళిన మొదటి కాన్పు సంగతి చెబుతాను. ట్రైనింగ్‌లో రాసుకున్న నోట్సు సంచిలో పెట్టుకుని మరీ వెళ్ళాను. ఆవిడకి ఐదు నిమిషాలకోసారి నొప్పులు వస్తున్నాయి. నొప్పి మొదలవగానే నేను అందుకునేదాన్ని. నీళ్ళు తాగుతారా? పక్కకి తిరుగుతారా? నడుం రాయనా? అటుపక్క ఆవిడ భర్తదీ ఇదే వరస. పాపం, ఆయన టెన్షన్ ఆయనది. కాసేపు చూసి, ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి పైకెత్తింది. "ఎవరూ మాట్లాడకండి" అంది.

నా మొహం చిన్నబోయింది. నోరు మూసుకున్నాను.

తర్వాతి నొప్పికి నడుం కింద, వెన్ను చివర, అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి పట్టాను. నా ఊపిరి నేను మెల్లగా, వినబడేలా వదిలాను. రెండు మూడు నొప్పులయ్యేసరికి ఆవిడ ఊపిరి నా ఊపిరితో కలిసింది. బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. నొప్పి తగ్గింది కదా అని చెయ్యి తీయబోతే, "తీయకండి" అంది. రాత్రి బిడ్డ పుట్టేదాకా నేనూ ఆయనా వంతులేసుకుని చెయ్యి పెట్టాం. మర్నాడు నా మణికట్టు వాచింది, అది వేరే సంగతి.

ఊరికే పక్కన ఉంటే ఒరిగేదేమిటి అనేవాళ్ళు ఉన్నారు. 1980లో, మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో చేసిన పరిశోధన ఒకటి వెలువడింది. తోడున్న తల్లులకు ఆసుపత్రిలో చేరాక కాన్పయ్యేదాకా సగటున తొమ్మిది గంటలలోపు పడితే, తోడు లేనివాళ్ళకు పంతొమ్మిది దాటింది. ఆ తోడు వైద్యం చదివిన మనిషి కూడా కాదు. అది చిన్న పరిశోధన, గంటల లెక్కను మరీ పట్టుకోనక్కర్లేదు. కానీ 2017లో 26 పరిశోధనలను కలిపి చూసినా, తోడున్నచోట కాన్పు సమయం కొంత తగ్గింది, సిజేరియన్లూ తగ్గాయి.

డౌలా కావాలనుకునేవాళ్ళకీ, కాబోయే తండ్రులకీ ఒకే ఒక్క మాట. నొప్పి వస్తున్నప్పుడు ప్రశ్న వేయకండి. ఒక్కో నొప్పి ఇంచుమించు నిమిషం ఉంటుంది. ఆ నిమిషం ఆగండి. తగ్గాక, తల ఊపితే సరిపోయే ప్రశ్న ఒక్కటే అడగండి. మళ్ళీ నొప్పి వస్తే మళ్ళీ ఆగండి. రక్తం ఎక్కువగా పోతుంటే మాత్రం ఆగొద్దు, వెంటనే నర్సును పిలవండి.