నొప్పి వచ్చేదాకా ఆగకండి

అమ్మలకు, అక్కలకు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చిన అవ్వా తాతలకు నమస్కారం.

ఈరోజు మీకు చెప్పాలని వచ్చిన మాట ఒక్కటే. పంటి జబ్బు నొప్పితో మొదలవదు. నొప్పి వచ్చిందంటే జబ్బు లోపల నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉన్నట్టే. తిరుపతిలో పళ్ల డాక్టరునైన నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది దవడ వాచి, రాత్రంతా నిద్ర లేక, ఇంట్లో లవంగ నూనె అయిపోయాక వస్తారు. లవంగ నూనె తప్పని నేను అనను, కాసేపు తిమ్మిరెక్కిస్తుంది. కానీ పుచ్చు మాత్రం అక్కడే ఉంటుంది. కొందరు నొప్పి మాత్రను మింగకుండా చిగురు మీద అదిమిపెడతారు. అది చిగురును కాలుస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. ఇంకా కొన్ని ఊళ్లలో పంట్లో పురుగు తీస్తామని తిరిగేవాళ్లు ఉన్నారు. పంట్లో పురుగు ఉండదు. ఉండేది కంటికి కనబడని బ్యాక్టీరియా. పసరు పోసి, పొగ పెట్టి పురుగు చూపించారంటే అది వాళ్లు తెచ్చుకున్న పురుగే.

ఆ బ్యాక్టీరియాకు కావలసింది తీపి. మనం తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే అది ఆమ్లం తయారుచేస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొర ఎనామెల్‌లోని ఖనిజాలను లాగేస్తుంది. ఆ తర్వాత లాలాజలం నెమ్మదిగా సర్దుతుంది. దానికి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది చాలా ముఖ్యం. మన ఊరి సంగతే చూడండి. కొండకు పోయి వచ్చినవాళ్లు లడ్డు తెచ్చి ఇస్తారు. ప్రసాదం తినొద్దనే మాట నా నోట రాదు. అన్నం తిన్న వెంటనే అందరూ కూర్చుని తినేస్తే పంటికి ఒక్క దెబ్బ, అంతటితో సరి. అదే లడ్డు అల్మారాలో పెట్టి, పిల్లలు వస్తూ పోతూ చిటికెడు చిటికెడు తింటుంటే, రోజంతా నోట్లో ఆమ్లం తగ్గే వేళే ఉండదు. బిస్కెట్లు, చాక్లెట్లు, రెండు రూపాయల ప్యాకెట్లు అన్నీ ఇదే కథ. పంటికి అతుక్కునే తినుబండారాలు మరీ చెడ్డవి. సంగటి తినే పిల్లవాడికి లేని బాధ, చేతిలో ఎప్పుడూ బిస్కెట్ ఉండే పిల్లవాడికి వస్తుంది.

రాత్రి ఇంకా కష్టం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, నోరు తనను తాను కడుక్కోలేదు. అందుకే ఉదయం బ్రష్ కంటే పడుకునే ముందు బ్రష్ మరింత అవసరం. మన ఇళ్లలో మాత్రం పొద్దున లేచి పండ్లు తోమనిదే కాఫీ ఇవ్వరు, రాత్రి మాత్రం ఎవరూ అడగరు. పసిపిల్లల నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చడం కూడా మానండి. పాలు రాత్రంతా పై ముందు పళ్ల చుట్టూ నిలిచి ఉంటాయి. మూడేళ్లు నిండని పిల్లలకే ముందు పళ్లు నల్లగా మొండిగా మిగిలిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. సీసా కావాలంటే నీళ్లు పోసి ఇవ్వండి.

ఇప్పుడు ఒక పని చేయడం నేర్పిస్తాను, ఈ రాత్రే చేయండి. పిల్లవాడి వెనక నిలబడి తలను మీ పొట్టకు ఆనించుకోండి. సెల్‌ఫోను లైటు వేసి పై పెదవిని బొటనవేలితో మెల్లగా పైకెత్తండి. చిగురూ పన్నూ కలిసే చోట సుద్దముక్కతో గీత గీసినట్టు తెల్లని చార ఉందేమో చూడండి. అదే పుచ్చుకు మొదలు. ఆ దశలో పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, బ్రష్, తిండి వేళలు సరిచేసుకుంటే పన్ను కోలుకుంటుంది. గోధుమరంగు తిరిగి గుంట పడ్డాక మాత్రం డాక్టరు దగ్గరికి రావాల్సిందే.

అదే భంగిమలో బ్రష్ కూడా మీరే చేయండి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ నేర్పు రాదు. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత పేస్టు, తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. పేస్టు పెట్టె మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉందేమో చదవండి. తోమాక ఉమ్మేయమనండి, కానీ నీళ్లతో పదే పదే పుక్కిలించొద్దు. కొంచెం పేస్టు పళ్ల మీద ఉంటేనే మేలు.

పాలపళ్లే కదా ఊడిపోయేవి అనుకుంటే పొరపాటు. పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు జరిగి, వచ్చే పళ్లకు చోటు లేక వంకర్లు తిరుగుతాయి. ఇక ఆరేళ్ల ప్రాంతంలో ఏ పాలపన్నూ ఊడకుండానే వరుస చివర ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను, ఇంకొకటి రాదు. దాని గుంతల్లో తిండి ఇరుక్కుంటుంది కాబట్టి పూర్తిగా పైకి వచ్చాక సీలెంట్, అంటే ఆ గుంతల్ని మూసే పూత, పూయించుకోవచ్చు. ఇంజక్షన్ లేదు, నొప్పి లేదు.

పెద్దవాళ్లకు చిగుళ్ల గురించి. బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందని చాలామంది ఆ చోట తోమడం మానేస్తారు. చేయాల్సింది దానికి పూర్తిగా తలకిందులు. రక్తం వస్తోందంటే అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందని. మెత్తని బ్రష్‌ను చిగురు అంచున ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న చుట్లుగా రెండు నిమిషాలు తోమండి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. పాచి గట్టిపడి గార కట్టిందంటే బ్రష్‌కు రాదు, క్లీనింగ్ చేయించుకోవాలి. క్లీనింగ్ చేస్తే పళ్లు కదులుతాయన్నది అపోహ. గార కింద ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది, గార తీశాక ఆ కదలిక తెలుస్తుంది. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్నదీ నిజం కాదు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు పెరుగుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. గర్భిణులకు హార్మోన్ల వల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి. ఆ నెలల్లో పళ్ల డాక్టరు దగ్గరికి రాకూడదన్న నియమమేమీ లేదు, గర్భవతినని ముందే చెబితే చాలు. ఆకు వక్కలో పొగాకు వేసుకునేవాళ్లకు, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లకు ఒక మాట. బుగ్గ లోపల తెల్లమచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం గానీ ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

లోతు బోర్ల నీళ్లు తాగే ఊళ్లవాళ్లు నీళ్లు పరీక్ష చేయించుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే చిన్నపిల్లల పళ్లు లోపలే మచ్చలతో తయారవుతాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆ పిల్లలకు వేరే నీళ్లు చూడాలి. వచ్చిన మచ్చల్ని బొగ్గుతో, ఇటుకపొడితో రుద్దితే ఎనామెల్ అరుగుతుంది, మచ్చ పోదు.

కట్టుడు పళ్లు పెట్టుకున్న అవ్వా తాతలు రాత్రి వాటిని తీసి, తోమి, నీళ్లలో వేసి పడుకోండి.

ఆటలో పిల్లవాడికి పన్ను పూర్తిగా ఊడి పడితే ఏం చేయాలో చెప్పి ఆపుతాను. శాశ్వత పన్నయితే వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని తీయండి. రుద్దొద్దు. గ్లాసులో కాస్త పచ్చిపాలు పోసి అందులో వేసి, అరగంటలో, ఆలస్యమైనా గంటలోపు డాక్టరు దగ్గరకు తీసుకురండి. తిరిగి పెట్టి నిలబెట్టే అవకాశం ఉంటుంది. పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు. డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్లు డెంటల్ కాలేజీకి గానీ, పెద్ద ప్రభుత్వాసుపత్రికి గానీ వెళ్లండి, ఖర్చు చాలా తక్కువ.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో అందరి నోళ్లూ చూస్తాను. షుగర్ ఉన్నవాళ్లూ ఆరేళ్ల పిల్లలూ ముందు రండి.