గుడ్డుకు గీత లేదు

అందరికీ నమస్కారం. ఆదివారం నిద్ర మానుకుని వచ్చారు, కాబట్టి సోది తగ్గించి తొందరగా పెన్సిళ్ల దగ్గరికి వచ్చేస్తాను.

మనకు బొమ్మ అంటే గీతే. ముంగిట్లో ముగ్గు గీత, పత్రికల్లో చూస్తూ పెరిగిన బాపు గారి బొమ్మా గీతే. నీడ అక్కర్లేకుండా ఒక్క గీతతో చెంప నునుపు చూపించడం ఆయనకు చెల్లింది. మనం గీస్తే ముక్కు కాగితానికి అతుక్కుపోతుంది. అప్పుడు షేడింగ్ గుర్తొస్తుంది. గీత పక్కన పెన్సిల్ రుద్ది, వేలితో పులిమేస్తాం. నేనూ చాలాకాలం అదే చేశాను. నా బొమ్మల్లో మనుషులంతా కట్టెల పొయ్యి ఊది లేచొచ్చినట్టు ఉండేవాళ్లు. పైగా వేలి జిడ్డు కాగితానికి పట్టిందంటే ఆ మరక రబ్బరుకు ఒక పట్టాన లొంగదు.

నన్ను దారిలో పెట్టింది కోడిగుడ్డు. గదిలో లైట్లన్నీ ఆపి, ఎడమవైపు పైనుంచి ఒక్క టేబుల్ ల్యాంప్ వేసి, తెల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డు పెట్టి చూడండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. బాగా మెరిసే చోటు అంచున ఉండదు, కాస్త లోపలికి ఉంటుంది. అక్కణ్ణుంచి కుడికి మెల్లగా మసకబారుతుంది. ఇప్పుడు చెప్పండి, గుడ్డు మీద అన్నిటికంటే నల్లటి చోటు ఎక్కడ? కుడి అంచు అంటారు. కాదు. అంచుకు కొంచెం ఇవతల. అంచు దగ్గర మళ్లీ పల్చటి వెలుగు ఉంటుంది. అది కింది గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుగు. అది కనబడిన రోజు నేను గుడ్డును పావుగంట అలా చూస్తూ ఉండిపోయాను, ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు కూడా. అయితే ఆ వెలుగును తెల్లగా వదిలేయొద్దు. ల్యాంప్ వైపు ఉన్న బూడిదరంగు కంటే అది మసకగానే ఉండాలి. ఇక కింద పడే నీడ, గుడ్డు గుడ్డకు ఆనిన చోట చిక్కగా ఉండి, దూరం జరిగేకొద్దీ అంచు చెదిరిపోతుంది.

కొత్తవాళ్లకు నలుపంటే భయం. ఎక్కడ పాడైపోతుందోనని అంతా బూడిదరంగులోనే ఆపేస్తారు. చేతిలో ఉన్నది మామూలు హెచ్‌బీ పెన్సిల్ ఒక్కటే అయితే ధైర్యం చేసినా నలుపు రాదు. పెన్సిల్ ములుకులో గ్రాఫైట్, బంకమట్టి కలిసి ఉంటాయి. మట్టి పాలు తగ్గేకొద్దీ ములుకు మెత్తబడి నల్లగా రాస్తుంది. మెత్తటి రకాలు 2బి, 6బి రెండూ కొనుక్కోండి, చాలు. పెద్ద సెట్టు కొంటే పెట్టె మూసే ఉంటుంది. ముందుగా ఐదు గళ్లు గీసి మొదటిది ఖాళీగా వదిలి, చివరిది 6బితో నల్లగా నింపండి. మధ్య మూడూ మెట్లు దిగినట్టు రావాలి. నాకు ఇప్పటికీ మూడో గడి దగ్గర చెయ్యి తడబడుతుంది.

ఇది బొమ్మలేసేవాళ్ల గొడవే అనుకోకండి. 1609 జులైలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణితజ్ఞుడు దుర్భిణిలోంచి చంద్రుణ్ణి చూసి బొమ్మ వేశాడు. వెలుగూ చీకటీ కలిసే చోట వంకర గీత గీసి వదిలేశాడు. కొన్ని నెలల తర్వాత గెలీలియో అదే చంద్రుణ్ణి చూసి, చీకటి భాగంలో విడిగా వెలిగే చుక్కల్ని పర్వత శిఖరాలుగా పోల్చుకున్నాడు. ఆ చుక్కలు వెలుగు అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో దాన్ని బట్టి కొండల ఎత్తు లెక్కగట్టాడు. అతని దుర్భిణి శక్తి ఎక్కువే, నిజమే. కానీ అతను వెలుగునీడలు దిద్దడం నేర్చినవాడు, ఏ నీడ దేనివల్ల పడుతుందో తెలుసు.

సరే, గుడ్లు తెచ్చాను. ఉడకబెట్టినవే, దొర్లినా పర్వాలేదు. తలా ఒకటి తీసుకోండి. బాబూ, ఆ ట్యూబ్‌లైట్లు ఆపేస్తావా?