ఫ్రీగా వచ్చే ఊసరవెల్లి

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు. పెద్దలు మన్నించాలి, అవతల బిర్యానీ చల్లారిపోతోంది. నాకిచ్చిన అంశం 'పిల్లలు, పెంపుడు జంతువులు'. కుక్కల గురించి చెప్పడానికి ఈ డాలస్‌లో చాలామంది ఉన్నారు. నేను ఊసరవెల్లుల గురించి చెబుతాను. పిల్లలు కాలేజీకి వెళ్లారో లేదో, 'ఫ్రీ, పంజరంతో సహా' అని వాట్సాప్‌లో ఫోటోలు మొదలవుతాయి.

ఇక్కడ ఎక్కువగా పెంచేది వెయిల్డ్ జాతి. దాని సొంత ఊరు యెమెన్, సౌదీ. మన ఊళ్లలో చెట్ల మీద కనిపించేది వేరు. దాన్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఊళ్లో బావమరిదికి ఫోన్ చేయకండి.

ఫోటో చూసి సరే అనకండి. పగలు వెళ్లి చూడండి. పగటిపూట కళ్లు మూసుకుని కూర్చుందంటే ఒంట్లో బాగాలేదన్నమాట. కళ్లు లోపలికి పోయాయంటే నీళ్లు చాలట్లేదు. "గిన్నెలో పెట్టాం కదా" అంటారు. అది గిన్నెలో తాగదండీ, ఆకుల మీద చుక్కలు నాకుతుంది. కొమ్మ మీద నడిపించి ముంగాళ్లు చూడండి. విల్లులా వంగి, పట్టు జారిపోతుంటే ఎముకలు మెత్తబడ్డాయి. "వయసైపోయింది" అంటారు. వయసు కాదు, దీపం అయిపోయింది! పంజరంలో ఎండకు బదులు పెట్టే యూవీబీ దీపం వెలుగుతూనే ఉంటుంది, అందులోంచి రావాల్సిన యూవీబీ కిరణాలు మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. అవి లేక ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు, డీ3 లేక కాల్షియం ఒంటబట్టదు. వైద్యంతో జబ్బు ఆగుతుందేమో కానీ, వంగిన ఎముక తిన్నగా అవదు.

ఇంకా చాలా రాసుకొచ్చాను, కానీ ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకాయన నాకు ఆడ ఊసరవెల్లిని ఇచ్చారు. "ఈ మధ్య తినట్లేదు, రోజంతా కింద గోకుతోంది, అంతే" అన్నారు. పొట్ట రెండు పక్కలా ఉబ్బి ఉంది. "గుడ్లు పెట్టడానికి తడి ఇసుక డబ్బా పెట్టారా?" అంటే, "మగదే లేదు, గుడ్లేంటండీ!" అని నవ్వారు. పుంజు లేకపోతే కోడిపెట్ట గుడ్డు పెట్టదా? ఇదీ అంతే. తవ్వుకునే చోటు లేక గుడ్లు లోపలే ఉండిపోయాయి. ఆపరేషన్ చేయించాం, బతకలేదు. ఫోన్ చేసి చెబితే ఆయన ఏమన్నారో తెలుసా? "ఫ్రీగానే ఇచ్చాను కదా."

అయ్యా, పంజరం ఫ్రీ. డాక్టర్ ఫ్రీ కాదు! జబ్బు చేసినదాన్ని తీసుకోవద్దని నేననను, అవే నా ఇంటికి వస్తాయి. కానీ ముందు డాక్టర్ని వెతుక్కోండి, కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ వీటిని చూడరు. తెచ్చుకోగానే రెట్ట పట్టుకెళ్లి పురుగుల పరీక్ష చేయించండి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి మాత్రం అసలు వద్దు, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకే భయం ఉంది. ఇచ్చేవాళ్లకూ చెబుతున్నాను: తినట్లేదంటే తినట్లేదని చెప్పండి. దాచిపెట్టి ఇస్తే అక్కడ డాక్టర్ ఆరా తీసేసరికే ఆలస్యమైపోతుంది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయిందండీ. ఎవరింట్లోనైనా ఇచ్చేయాలనుకుంటున్నది ఉంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. దీపం ఎప్పుడు కొన్నారో గుర్తు తెచ్చుకుని మరీ రండి.