రోమ్ రాళ్ల మీద వేసవి నడక: షూస్ ఎంచుకునేటప్పుడు

శ్రీలత: నమస్కారం. ఎండాకాలం సెలవుల్లో అమ్మానాన్నల్ని తీసుకుని యూరప్ వెళ్లేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ప్రసాద్ గారూ, రోమ్‌నే తీసుకుందాం. అక్కడ కాళ్లు అంతగా ఎందుకు నొప్పెడతాయి?

ప్రసాద్: నేల వల్లండి. పాత రోమ్ వీధుల్లో సాంపియెత్రీని అని నల్లరాతి దిమ్మెలు పరిచి ఉంటాయి. పైన కాస్త ఉబ్బెత్తుగా, మధ్యలో సందులతో ఉంటాయి. వేసిన ప్రతి అడుగూ ఏదో ఒక పక్కకి వాలుతుంది. దాన్ని నిలబెట్టడానికి చీలమండ చుట్టూ కండరాలు రోజంతా పనిచేస్తూనే ఉంటాయి. పైగా వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గోపురానికి 551 మెట్లు. లిఫ్ట్ టికెట్ కొన్నా చివరి 320 ఎక్కాల్సిందే.

శ్రీలత: మరి బాగా మెత్తటి సోల్ తీసుకుంటే సరిపోతుందా?

ప్రసాద్: చాలామంది పొరబడేది అక్కడే. మందపాటి మెత్తటి ఫోమ్ షాపులో నున్నటి నేల మీద హాయిగా ఉంటుంది, ఎగుడుదిగుడు రాయి మీద మాత్రం ఊగుతుంది, మడమ తిరగబడుతుంది. అలాగని పల్చటి సోల్ కూడా వద్దు, రాయి అంచులు అరికాలికి గుచ్చుకుంటాయి. షూ చేతిలోకి తీసుకుని చూడండి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే లోపలికి కుంగిపోకూడదు. ముందు నుంచి వంచితే వేళ్లు వంగే చోటే వంగాలి, నడిమధ్యలో కాదు. రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పితే తడిబట్ట పిండినట్టు తిరిగిపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

శ్రీలత: సైజు సంగతి?

ప్రసాద్: సాయంత్రం కొనండి. ఎండకీ నడకకీ పాదం ఉబ్బుతుంది. ప్రయాణంలో వేసుకోబోయే సాక్స్‌తోనే, నిలబడి, రెండు కాళ్లకీ వేసి చూడాలి. రెండు పాదాలూ సరిగ్గా ఒకేలా ఉండవు, పెద్దదాన్ని బట్టే కొనాలి. అన్నిటికంటే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ, అంటే ఒక సెంటీమీటరు పైన ఉండాలి. ఇంకోటి, యూకే నంబర్లూ అమెరికా నంబర్లూ వేరు. ఆన్‌లైన్‌లో కొంటే లేబుల్ మీద సెంటీమీటర్ల లెక్క చూసుకోండి.

శ్రీలత: ఏళ్ల తరబడి చెప్పులే వేసుకున్నవాళ్లకి షూస్ ముందు భాగం బిగుతుగా ఉంటుంది కదండీ. ఒక సైజు పెద్దది తీసుకుంటారు.

ప్రసాద్: అదే పొక్కులకి మూలం. పొడవు పెరిగితే మడమ లోపల జారుతుంది, ఆ రాపిడికే చర్మం లేస్తుంది. వాళ్లకి కావాల్సింది పొడవు కాదండీ, వెడల్పు. లోపల అరికాలి కింద ఉండే పొర, అదే ఇన్సోల్, బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడమనండి. చిటికెన వేలు అంచు దాటితే ఆ షూ ఇరుకు. 2ఈ, 4ఈ అని రాసి ఉన్న వెడల్పు రకాలు అడగండి. వాడితే సాగుతుందంటారు, ఇప్పటి మెష్ అనే వల లాంటి బట్టతో చేసినవి, సింథటిక్ షూస్ పెద్దగా సాగవు.

శ్రీలత: వాటర్‌ప్రూఫ్?

ప్రసాద్: వేసవికి వద్దండి. చెమట లోపలే ఉండిపోతుంది. గాలాడే మెష్ మేలు. కాటన్ సాక్స్ కూడా చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, తడికి మెత్తబడ్డ చర్మం తొందరగా రాసుకుపోతుంది. పల్చటి సింథటిక్ లేదా మెరినో అనే సన్నటి గొర్రె ఉన్నివి తీసుకోండి.

శ్రీలత: గోపురం దిగేటప్పుడు వేళ్లు ముందుకి కొట్టుకుంటాయి.

ప్రసాద్: లేసుతో సరిచేయొచ్చు. పైన చివర్లో ఎవరూ వాడని అదనపు రంధ్రం ఉంటుంది చూడండి. లేసుని అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉంగరంలా వదలండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి లేసు ఎడమ ఉంగరంలోంచి, ఎడమది కుడి ఉంగరంలోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ కదలదు.

శ్రీలత: ఎన్నాళ్ల ముందు కొనాలి?

ప్రసాద్: కనీసం మూడు వారాలు. మొదట అరగంట, తర్వాత గంట, చివరికి మెట్లతో కలిపి రెండు మూడు గంటలు నడిపించండి. అటక మీద ఏళ్లుగా ఉన్న షూస్ తీసుకెళ్లొద్దు. పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్‌తో చేసిన సోల్ వాడకపోయినా గాలిలో తేమకే చివికిపోతుంది, నడుస్తుండగా ఊడొస్తుంది.

శ్రీలత: షుగర్ ఉన్నవాళ్లు?

ప్రసాద్: వాళ్ల గురించి గట్టిగా చెప్పాలండి. నరాలు దెబ్బతింటే పుండు పడినా నొప్పి తెలియదు. బయల్దేరే ముందు డాక్టరుకి పాదాలు చూపించాలి. వేసుకునే ముందు షూ లోపల చెయ్యి పెట్టి రాయి, ముడత ఉన్నాయేమో తడమాలి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు ఇంట్లోవాళ్లెవరైనా చూడాలి. మిగతావాళ్లు కూడా ఎక్కడైనా మంటగా అనిపిస్తే అక్కడే కూర్చుని టేపు వేసుకోవాలి, హోటల్‌కి వెళ్లాక చూద్దాం అనుకుంటే పొక్కు లేచిపోతుంది.

శ్రీలత: ఒక జత చాలా?

ప్రసాద్: రెండు తీసుకెళ్లి రోజు మార్చి రోజు వేసుకోవాలి, చెమట ఆరుతుంది. విమానంలో మాత్రం అలవాటైన జతే కాళ్లకి ఉండాలి, లేసులు వదులు చేసుకుని. సూట్‌కేసు ఆలస్యంగా వచ్చినా మర్నాడు నడవొచ్చు.