టిడిఎస్ మీటరుకు కనపడనివి

అందరికీ నమస్కారం. మైకు గుయ్యిమంటోంది, కొంచెం సర్దుకోండి. పాలు పోసే టైము దగ్గర పడిందని తెలుసు, మన బోరు నీళ్ల పరీక్ష గురించి నాలుగు మాటలు చెప్పి తొందరగానే ముగిస్తా.

నేను ల్యాబు మనిషిని కాదు, హైస్కూల్లో సైన్సు చెప్పుకునేదాన్ని. ఈ నీళ్ల గొడవ వెంట ఎందుకు పడ్డానంటే, మూడేళ్ల కింద నీళ్లు శుద్ధి చేసే మిషన్లు అమ్మే అబ్బాయి ఒకడు మా ఇంటికొచ్చాడు. మా బోరు నీళ్లు ఒక గ్లాసులో, తను తెచ్చిన నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండింట్లోనూ కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో మా నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టు అయిపోయాయి, వాడి నీళ్లు అట్లే తేటగా ఉన్నాయి. మా అమ్మ హడలిపోయి "ఇన్నాళ్లూ ఈ విషమా మనం తాగింది" అని గోల, ఇంకేముంది, మిషను కొనేశాం. తర్వాత తీరిగ్గా స్కూల్లో అదే చేసి చూస్తే అర్థమైంది, ఆ ఎరుపు మా నీళ్లలోది కాదు, ఆ ఇనప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, ఇనుము కరిగి తుప్పు రంగు దిగుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు పారదు కాబట్టి రంగూ రాదు. వాడి గ్లాసులో చిటికెడు కల్లుప్పు వేసుంటే అవీ ఎర్రబడేవి! సైన్సు టీచరునే మోసపోయాను, ఇక మిమ్మల్ని ఏమనను.

ఇప్పుడు ఊళ్లో సగం మంది జేబుల్లో టిడిఎస్ మీటరు ఉంది. అది చేసేదీ దాదాపు అదే పని, నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో చూసి లవణాలు మొత్తం ఎంతుండొచ్చో అంచనా వేసి ఒక నంబరు చూపిస్తుంది. మన దేశపు ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. సరే, బాగానే ఉంది. కానీ ఆ లవణాల్లో ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అన్నది మీటరు చెప్పదు, క్రిములైతే దానికి అసలు కనపడవు. మీటరు 300 చూపించిన బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు, 900 చూపించిన ఉప్పునీళ్లలో లేకపోవచ్చు.

ఫ్లోరైడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన కింద ఉన్నదంతా గ్రానైటు. ఆ రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని ఫ్లోరైడ్‌ను మెల్లగా కరిగించుకుంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది కూడా దూరంలో కాదు, 1937లో పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటకూడదు. పిల్లలకు ఎనిమిదేళ్ల లోపు, లోపల పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు పడి జీవితాంతం ఉంటాయి. మా క్లాసులో అట్లాంటి పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, పళ్లు తోముకోవట్లేదని అందరూ తిట్టడమే, తోమితే పోయే గార కాదది. ఇంకా ఎక్కువైతే ఏళ్లు గడిచాక ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి. కాచుకుని తాగుతున్నాం కదా మేడం అంటారు. కాస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అట్లే ఉంటుంది, అంటే ఇంకా చిక్కనవుతుంది.

ఇంకో సంగతి, పక్కింటి బోరు బాగుంది కాబట్టి మాదీ బాగుంటుందని అనుకోవద్దు. పగులు మారితే నీళ్లే మారిపోతాయి.

నైట్రేట్ మాత్రం రాతి తప్పు కాదు, మన తప్పే. చేలో పోసిన యూరియా, బోరు పక్కనే వేసిన పేడదిబ్బ, బోరుకు ఆనుకుని తవ్విన లెట్రిన్ గుంత. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతో పాలపొడి కలిపి ఆరు నెలల లోపు బిడ్డకు పడితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. దీనికీ కాచడం పనికిరాదు.

కాచడం పనికొచ్చేది క్రిములకు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసిన రోజులు. అట్లా వాననీళ్లు బోరు చుట్టూ నిలిచినప్పుడు, కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె లేకపోతే మురికి నేరుగా లోపలికే దిగుతుంది. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై, అంటే మలంలోంచి వచ్చే క్రిమి, ఒక్కటి కూడా ఉండకూడదని నియమం. ట్యాంకుకైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కలిపి గంట ఆగండి. పాత మూట, వాసన పోయిన పొడి వేస్తే వేయనట్టే.

ఊరూరా అయిదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించి కిట్టు ఇవ్వాలని కేంద్రం పథకం జల్ జీవన్ మిషన్‌లో ఉంది. మన ఊరి కిట్టు ఏ బీరువాలో ఉందో ఎవరైనా చెప్తే సంతోషిస్తా. నవ్వకండి, దొరికితే ముందు అందులోని, నీళ్లలో కలిపి రంగు చూసే మందుసీసాల మీద తేదీ చూడండి, గడువు దాటితే రంగులు అబద్ధం చెప్తాయి.

అందుకే ఈసారికి చిత్తూరు ల్యాబుకే పంపుదాం. ఈ బల్ల మీద రెండు రకాల సీసాలున్నాయి. పెద్ద ప్లాస్టిక్ సీసాను అదే బోరు నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. చిన్నదాన్ని మాత్రం కడగొద్దు, అది క్రిముల పరీక్షకు ముందే శుభ్రం చేసి తెచ్చింది, మూత లోపల వేలు పెట్టొద్దు, కొంచెం ఖాళీ వదలండి. పట్టే ముందు మోటారు పది నిమిషాలు ఆడనివ్వండి, ట్యాంకులోంచి కాదు, బోరు పైపు దగ్గరే పట్టండి. సీసా మీద పేరు, బోరు లోతు, పట్టిన టైము రాయండి. మిషను పెట్టుకున్న వాళ్లు మిషను నీళ్లు కూడా ఒక సీసా ఇవ్వండి, నేనూ ఇస్తున్నా, అన్ని డబ్బులు పోసి కొన్నది ఏం పని చేస్తోందో చూడాలి కదా.

రేపు పొద్దున ఏడింటికి పంచాయతీ ఆఫీసు దగ్గర ఐసు పెట్టెతో ఆటో ఉంటుంది. ఈ రాత్రే పట్టి పెట్టొద్దు, పొద్దున్నే పట్టి తీసుకురండి.