వేపదుంగ పగులుతోందా?

వ్యాఖ్యాత: బెంగళూరు తెలుగు శ్రోతలకు నమస్కారం. చెక్క చెక్కడంలో మీ సందేహాలు తీర్చడానికి ఆచారి గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ యలహంక నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మే నెల గాలివానకి మా పెరట్లో వేపచెట్టు పడిపోయింది. పర్మిషన్ తీసుకునే కోయించాం. వినాయకుణ్ణి చెక్కుదామని దుంగలు దాచాను. ఇప్పుడు చూస్తే చివర్లన్నీ బీటలే. టెన్షన్‌గా ఉంది.

ఆచారి: బీట ఎక్కణ్ణించి మొదలైంది తల్లీ, మధ్యలోంచా, అంచు నుంచా?

శ్రోత: మధ్యలోంచి బయటికి, బండిచక్రం ఆకుల్లా.

ఆచారి: దుంగని గుండ్రంగా అలాగే ఉంచేశారు కదూ! అందరూ చేసేది ఇదే. ఆరేటప్పుడు కర్ర చుట్టూరా ఎక్కువ కుదించుకుంటుంది, గుండె వైపు, అంటే నడిమధ్య వైపు, తక్కువ. రెండింటికీ పొత్తు కుదరక ఎక్కడో చోట విచ్చుకుంటుంది. నీడలో పెట్టినా, గోనెపట్టా కప్పినా ఆగదు. పచ్చిగా ఉండగానే గుండె మీదుగా నిలువునా రెండు చేయించాలి. తేమ కోసిన చివర్ల నుంచే గబగబా పోతుంది కాబట్టి అక్కడ మైనమో, పాత పెయింటో దట్టంగా పూయాలి.

శ్రోత: సెగ చూపిస్తే త్వరగా ఆరుతుందని మా మరిది అంటున్నాడు.

ఆచారి: కొండపల్లి వాళ్ళు తెల్లపొణికిని సెగ మీద కాచి తేమ లాగేస్తారు, నిజమే. అది మెత్తటి, తేలిక కర్ర. బరువైన వేపదుంగకి ఆ వైద్యం చేస్తే ఇంకా పగులుతుంది.

శ్రోత: అయితే నా దుంగలు పొయ్యిలోకేనా?

ఆచారి: భలేవారే! పగులు వెంటే చీల్పించి, గుండె తీసేసి, ఇటుకల మీద మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చండి. అంగుళం మందానికి ఏడాది అని మా లెక్క. నిలువు విగ్రహం ఆశ వదులుకుని, పలక మీద ఉబ్బెత్తుగా చెక్కండి. తొండం వంపు దగ్గర కర్ర నార ఎదురు తిరుగుతుంది. ఉలిని ఒక్క వైపు నుంచే తోసుకుపోతే పెచ్చు లేచి తొండమే ఊడొస్తుంది. సగం ఇటు నుంచి, సగం అటు నుంచి రండి.

శ్రోత: మిగతా ముక్కలతో గరిటెలు చేసుకోవచ్చా? వార్నిష్ వెయ్యాలా?

ఆచారి: కూరలో పెట్టేదానికి వార్నిష్ ఏమిటమ్మా! గానుగ అవిసె నూనె పట్టించి ఆరనివ్వండి. పెయింట్ షాపులో ‘బాయిల్డ్’ అని అమ్మేది వద్దు, త్వరగా ఆరడానికి అందులో ఏవేవో కలుపుతారు.

వ్యాఖ్యాత: బీటీఎం లేఅవుట్ నుంచి ఇంకో కాల్.

రెండో శ్రోత: సార్, మా వీధిలో రెయిన్‌ట్రీ కొమ్మలు పడున్నాయి. తెచ్చేసుకోవచ్చా?

ఆచారి: తొందరపడకు బాబూ. వీధి చెట్టు పడినా నగరపాలక సంస్థదే. వాళ్ళ అటవీ విభాగాన్ని అడిగి తీసుకో. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉంది, అందుకే ఇందాక ఆ అమ్మగారు పర్మిషన్ తీసుకున్నారు.

రెండో శ్రోత: మరి ఉలుల సెట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసేశాను సార్, పన్నెండు.

ఆచారి: క్యాన్సిల్ చెయ్. చదును ఉలి ఒకటి, వంపు ఉలి ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో మంచి సానరాయి కొనుక్కో.